ఖలాస్

“చంద్రుడు ఎవడిదీ కాదు సంజీవ్. అక్కడ దిగిన యంత్రం మాత్రం దింపినవాడిదే,” అన్నాడు చీఫ్ తహ్సీన్, సంజీవ్ భుజాల కొలత తీస్తూ. మస్కట్‌లో ఘుబ్రా పేటలోని ఆ టైలర్ షాపు, భారత గూఢచారిగా ఆయన కవర్. కొలతల మధ్యే బ్రీఫింగ్ సాగింది.

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, మంచు ఉన్న ఒక గట్టు మీద ఆ సాయంత్రం మన ల్యాండర్ దిగబోతోంది. అక్కడ గాలి లేదు. ఇంజన్ దెబ్బకు లేచిన దుమ్ము ఎంతో దూరం పోయి పక్కవాడి యంత్రాన్ని తూట్లు పొడుస్తుంది. అందుకని ముందు దిగినవాడు మిగతావాళ్ళను దూరంగా ఉండమనవచ్చు. పట్టా ఉండదు గానీ పెత్తనం ఉంటుంది. ఆ పెత్తనం తన దేశానికి దక్కాలని రోలాండ్ అనే విదేశీ ఏజెంట్ మస్కట్ పక్కనే సీబ్‌లో విల్లా తీసుకున్నాడు. డాబా మీది టీవీ డిష్‌ల మధ్య ట్రాన్స్‌మిటర్ దాచాడు. ఆఖరి నిమిషంలో దొంగ కమాండ్ పంపి ల్యాండర్ ఇంజన్ ఆపేస్తాడు. చంద్రుడి మీద బరువు ఆరోవంతే. కానీ గాలి లేనిచోట పారాచూట్ పనికిరాదు. ఇంజన్ ఆగితే, పడేకొద్దీ వేగం పెరిగి ముక్కలవడమే.

రోలాండ్ సెక్రటరీ షైస్తా మన డబుల్ ఏజెంట్. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి, తేడా వస్తే ఆలోచించకు అని హెచ్చరించి పంపాడు తహ్సీన్.

ఆలోచించకుండా ఉండటం సంజీవ్‌కు అప్పటికే చేతకాని పని. వారం పది రోజులుగా ఏసీ మెకానిక్ వేషంలో ఆ విల్లాకు వెళ్తున్నాడు. అక్కడ షైస్తా. పట్టు అబాయా, అత్తరు ఘుమఘుమ, పెదవి చివర నవ్వు. అమ్మానాన్నలది కడప, తను పుట్టి పెరిగింది మస్కట్. అతని పుస్తకాల అరబిక్ విని పడీపడీ నవ్వేది. ఈ డ్యూటీ అయ్యాక బౌషర్‌లో బ్యూటీ పార్లర్ పెడతానని, దానికి ఏసీ బిగించడానికి రమ్మని అడిగింది. ఏజెంటుకు ప్రేమ రోగమని తెలిసీ అతను ఆమె మీద మనసు పడ్డాడు.

సాయంత్రం డాబా ఎక్కాడు. చేతిలోని ఏసీ గ్యాస్ సిలిండర్‌లో, దొంగ కమాండ్‌ను అడ్డుకునే జామర్ ఉంది. ఢిల్లీలో చల్లటి గదిలో తయారైన ఆ జామర్ ఒమన్ ఎండకు ఓర్చుకోలేక కన్నుమూసింది. పిస్టల్ తీసుకుని మెట్లు దిగి, తలుపు తన్నాడు.

రోలాండ్ వేలు కీబోర్డు మీద ఉంది. పక్కనే ఉన్న షైస్తా హ్యాండ్‌బ్యాగులోంచి చెయ్యి చటుక్కున పైకి తీసింది. చేతిలో ఏదో నల్లగా మెరిసింది. సంజీవ్ కళ్ళలోకి చూస్తూ, “ఖలాస్,” అంది.

అతనిది తెలంగాణలో నిర్మల్. అక్కడ ఖలాస్ చెయ్యడమంటే చంపెయ్యడమే. నేర్చుకున్న అరబిక్ అంతా ఆ క్షణంలో ఎగిరిపోయింది. సైలెన్సర్ తుస్సుమంది. షైస్తా కూలిపోయింది.

రోలాండ్ బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. తెర మీద చంద్రుడి దుమ్ము లేచి, గాలిలో దుమ్ములా తేలకుండా, విసిరిన రాళ్ళలా కిందికి పడింది. ల్యాండర్ నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది.

సంజీవ్ రోలాండ్‌ను కుర్చీకి కట్టేసి ఆమె పక్కన కూలబడ్డాడు. ఆమె అరచేతిలో ఉన్నది ట్రాన్స్‌మిటర్‌లోంచి పీకిన నల్లటి చిప్.

“ఏం జేసిన నేను,” అన్నాడు.

“పని అయిపోయిందని చెప్పినా. ఈడ ఖలాస్ అంటే అంతే గదా,” అంది షైస్తా ఊపిరి కూడదీసుకుంటూ. “ఇన్నాళ్ళుండి ఇదన్నా నేర్చుకోలేదా నువ్వు?”

ఆమె కళ్ళు మూతపడ్డాయి. సంజీవ్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు దేశమంతా మిఠాయిలు పంచుకుంది. తహ్సీన్ ఫోన్ చేసి, షైస్తా పేరు మన రికార్డుల్లో లేదని, ఉండబోదని చెప్పాడు. రోలాండ్ దేశం ఆమెకిచ్చిన పాస్‌పోర్టు దొంగదని ఆ దేశమే ప్రకటించింది. మార్చురీలో గుమాస్తా, నువ్వు ఆమెకేమవుతావని అడిగితే సంజీవ్ ఏసీ మెకానిక్‌నని చెప్పాడు. చివరికి సీబ్ మసీదుకు నమాజుకొచ్చిన కూలీలే భుజం పట్టారు. వాళ్ళతో పాటు అతనూ మోశాడు, మూడు పిడికిళ్ళ మట్టి వేశాడు.

చంద్రుడి మీద కాస్త జాగా కోసం కొట్టుకు చచ్చిన రెండు దేశాలూ, షైస్తా మీద హక్కును మాత్రం ఎంతో మర్యాదగా ఒకదానికొకటి వదిలేసుకున్నాయి.