అతిథిని అడగని ప్రశ్న

మంగళవారం పొద్దున్నే మల్లేశ్ దుబాయ్‌లో కూలీలుండే సోనాపూర్ క్యాంపు నుంచి, సైటు యూనిఫాం మార్చుకోకుండానే, కరామాలోని డిటెక్టివ్ రాధాకృష్ణ ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా బావ పోశయ్య అబుదాబిల ఒక ఎంబసీల నౌకరు. ఆయన్ని ఆ ఎంబసీ వాళ్లు పదకొండొద్దుల సంది బయటికి పోనిస్తలేరు సార్. బేస్తవారం మా అక్కకు కరీంనగర్‌ల గుండె ఆపరేషన్. ఆయన రాకుంటే చేయించుకోనంటున్నది."

ఆ ఎంబసీ యూరప్‌లోని ఒక చిన్న దేశానిది. దాని బతుకంతా ఒక పెద్ద దేశం స్నేహం మీదే నడుస్తుంది. ఆ పెద్దన్న రాడార్ కేంద్రానికి జాగా అడిగితే, మర్యాదగా కాదనడానికి రాయబారి ఒక ఉత్తరం సిద్ధం చేసింది. అది చేరకముందే దాని ఫొటో పత్రికకెక్కింది. ఫొటోలో, మేడమీద రాయబారి గదిలోని బల్లమీది గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. ఆ సమయానికి పోశయ్య మేడమెట్లు దిగుతుండగా చూశానని ఫస్ట్ సెక్రటరీ ఎరిక్ చెప్పాడు. అంతే, పోశయ్య పాస్‌పోర్టు ఇనప్పెట్టెలోకి పోయింది. పోలీసులకు అప్పగిస్తే ఇంటి గుట్టు ఇంకా రట్టవుతుంది, వదిలేస్తే దొంగ పారిపోతాడు. అందుకని వంటింటి పక్క గదిలోనే ఉండమన్నారు. మర్యాదస్తుల జైలు అలాగే ఉంటుంది.

మధ్యాహ్నానికి రాధాకృష్ణ, అసిస్టెంటు ఆనందకుమార్ ఆ ఎంబసీ విల్లాలో ఉన్నారు. పత్రికల కంట పడకుండా గొడవ తేలిపోతుందన్న ఆశతోనే రాయబారి వాళ్లను రానిచ్చింది. ఫొటో తీసిన ఉదయం తను బయట ఉన్నాననీ, పెద్ద దేశపు అధికారి హార్పర్ ముందుగా వచ్చి కింద అతిథుల గదిలో, అదే మజ్లిస్‌లో, కూర్చున్నాడనీ చెప్పింది. ఎరిక్ ఆయన్ని కూర్చోబెట్టి, ఫోన్ మాట్లాడుకోవడానికి తోటలోకి వెళ్లాడట. ఇంట్లో నాలుగో మనిషి లేడు.

పోశయ్య నెమ్మదిగా చెప్పాడు. "ఆ సారుకు గహ్వా పోసుకుంట నిలబడ్డ. చాలనుకుంటే కప్పు ఊపాలె, ఈడి రివాజ్ అది. ఆయన ఊపలే. నేనెట్ల కదులుత? పదకొండుకు మొదలువెడితే, నలభై నిమిషాలకు మేడమ్ వచ్చేదాంక తొమ్మిది కప్పులు పోసిన. చెప్తే నవ్విన్రు."

ఆనందకుమార్‌కూ నవ్వొచ్చింది. కాఫీ పోస్తూ నలభై నిమిషాలు నిలబడ్డానంటే ఎవరు నమ్ముతారు? రాధాకృష్ణ మాత్రం నవ్వకుండా రాయబారి వైపు తిరిగాడు. హార్పర్‌ను అడిగారా అన్నాడు.

అడగలేదంది ఆమె. అసలే ఆయన అలిగి ఉన్నాడు, పైగా నౌకరు కోసం సాక్ష్యానికి పిలవడమా అంది. రాధాకృష్ణ సాక్ష్యానికి వద్దు, క్షమాపణకే పిలవమన్నాడు. ఆ సాకు ఆమెకు నచ్చింది.

బుధవారం ఉదయం మజ్లిస్‌లో అందరూ కూర్చున్నారు. కుశలప్రశ్నలయ్యాక రాధాకృష్ణ మామూలుగా అడిగాడు. "ఆ రోజు మీకు గహ్వా ఇచ్చిన మనిషి మధ్యలో బయటికి వెళ్లాడా?"

"వెళితే బతికిపోయేవాణ్ణి," అన్నాడు హార్పర్. "వద్దంటే ఈ దేశంలో తప్పేమోనని తొమ్మిది కప్పులు తాగాను. అతను ఒక్క క్షణం కూడా పక్కనుంచి కదల్లేదు."

రాధాకృష్ణ ఎరిక్‌కేసి చూశాడు.

"ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు ఒకే లెక్క చెప్పారు. కాబట్టి మెట్లమీద పోశయ్య లేడు. ఉన్నాడన్న మీరు అబద్ధమాడారు. ఇంట్లో ఇక మిగిలింది మీరే. మిత్రదేశం వాణ్ణి ప్రశ్నించే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదని మీకు తెలుసు. దాని చాటునే దాక్కున్నారు."

ఎరిక్ ఒప్పుకున్నాడు. పెద్దవాడికి ఎదురుచెబితే తన దేశం బతకదనీ, ముందే రచ్చయితే ఉత్తరం వెనక్కి తీసుకుంటారనుకున్నాననీ అన్నాడు. దౌత్యాధికారి కనుక ఇక్కడి పోలీసులు అతణ్ణి ముట్టుకోలేరు. సాయంత్రం విమానానికి స్వదేశం పంపిస్తున్నామంది రాయబారి. పోశయ్య మాత్రం ఉండిపోవాలనీ, ఇకమీదట పెద్ద ఉద్యోగం ఇస్తామనీ బతిమాలింది.

"నాకు కోపం లేదని చెప్పున్రి సార్," అన్నాడు పోశయ్య. "పాస్‌పోర్టు చేతిల పెట్టమనున్రి. నౌకరీ ఖలాస్."

గేటు బయట మల్లేశ్ టాక్సీ తలుపు తీసి పట్టుకున్నాడు. ఎయిర్‌పోర్టుకు ఆలస్యమవుతుంది, ఎక్కు బావా అన్నాడు. పోశయ్య సంచి లోపల పడేసి, తను మాత్రం ఎక్కలేదు.

"బండి మెల్లగ రానియ్ రా. పదకొండొద్దులాయె బయట కాలు వెట్టక. ఈ గల్లీ కొసదాంక నేను నడుస్త."