అబ్బులు బాకీపడ్డ మంగళవారం

ఏ దేవుడు క్షమించినా తాతారావు మాత్రం అబ్బుల్ని క్షమించడు. పరాయివాడు గోతిలోకి తోస్తే మన ఖర్మ అనుకోవచ్చు. వీడు సొంత బావమరిది. నూకరత్నానికి ఒక్కగానొక్క తమ్ముడు. తాతారావు చేతికిందే కత్తెర పట్టడం నేర్చుకున్నవాడు. అలాంటివాడు "చెయ్యి పెట్టు బావా, నేనున్నాను కదా" అంటే, తాతారావు తన అరచెయ్యి తీసుకెళ్ళి ఊరి ముఖాలకి మార్కులేసే వన్నెమండలి పలక మీద పెట్టేశాడు. ఐదో తరగతిలో బడి మానేసినవాడికి ఆ పలక మీద పరుగెత్తే అక్షరాలు చదివే ఓపిక ఎక్కడిది? కొట్టు నీదే, అద్దం మాత్రం మాది అన్నారు మండలివాళ్ళు. అద్దం మాట కాదంటే కొట్టు కూడా మాదే అన్న ముక్క అడుగున ఉన్నట్టు తర్వాతెప్పుడో తెలిసింది.

"తాతన్నా, ఎవరి మీద పళ్ళు నూరుతున్నావో గానీ నా చెవి కాస్త చూసుకో," అన్నాడు కుర్చీలో ఉన్న పాపారావు.

సముద్రం మెయిన్ రోడ్డెక్కాక కాకినాడలో బస్సులు పోయి పడవలొచ్చాయి. పాపారావు ఆ పడవల్లో టిక్కెట్లు కొడతాడు. వన్నె నూటికి యాభై దాటని ముఖాన్ని జనం ముందు నిలబెట్టరు. అందుకని పక్షానికోసారి వంతెన కింది మంగలికొట్ల వరసకి రాక తప్పదతనికి.

మండలి బిగించిన మేలద్దం పాపారావు ముఖాన్ని చదువుకుంది. ఇరుకు నుదురు, పొట్టి మెడ, లోపలికి పోయిన గడ్డం. మేలద్దం ఉన్నదాన్ని మార్చదు, సర్దుతుంది. ముక్కు చెక్కించుకునే స్తోమతున్నవాళ్ళు వేరే చోటికి పోతారు. ఇక్కడికొచ్చేది మామూలు ముఖాలవాళ్ళు. నుదురు మీద జుట్టు కాస్త లేపమని, గడ్డం కింద వెంట్రుక ఉంచి బుగ్గల మీద పలచన చెయ్యమని, మెడ పొడుగ్గా కనపడేలా కాలరు దించమని కప్పు మీంచి సన్నటి వెలుగు గీతలు పాపారావు తల మీద పడ్డాయి. ఆ గీతల వెంట కత్తెర నడపడమే తాతారావు పని. అద్దంలో మాత్రం పాపారావు అప్పటికే తయారైపోయి నవ్వుతున్నాడు. కుర్చీలో ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూపించడం ఆ అద్దానికి తెలీదు.

"యాభై ఆరు," అంది అద్దం.

పాపారావు చొక్కా పైగుండీ ఓసారి తుడుచుకున్నాడు. అది చూపుగుండీ. ఎదురొచ్చినవాళ్ళ కళ్ళు మన మీద ఎలా వాలాయో, ఎంతసేపు నిలిచాయో కొలిచి అద్దానికి చేరవేస్తుంది. ఆ చూపుల్నుంచే అద్దం పాఠాలు నేర్చుకుంటుంది. ఊళ్ళో అద్దాలన్నిటికీ బుర్ర ఒకటే.

"మా ఆవిడ చూపు ఎప్పుడూ ఇరవై దాటదన్నా. గుండీ ఇప్పేసి ఇంటికెళ్తన్నా," అని నవ్వుకుంటూ పోయాడు పాపారావు.

తాతారావు నవ్వలేదు. పక్కన పెట్టిన క్యారేజీ వైపు చూశాడు. పొద్దున నూకరత్నానికి కలిపిన అన్నం కలిపినట్టే తిరిగొచ్చింది.

పుట్టుకతో తాతారావుది గ్రహణమొర్రి. చిన్నప్పుడే కుట్టారు గానీ పై పెదవి మీద ఆ అతుకు జెర్రిలా ఉండిపోయింది. దానికి తోడు చేటల్లాంటి చెవులు. పెళ్ళిచూపుల్లో ఎవరూ ముఖం పట్టి చూడని మనిషి. నూకరత్నం మాత్రం చూసింది. "గాలొస్తే ఎగిరిపోతావేమో, చెవులు పట్టుకుని పడుకుంటాను," అనేది. అన్నట్టుగానే ఓ చెవి గుప్పిట పట్టుకుని నిద్రపోయేది.

మంగలి తలే అవకతవకగా ఉంటే బేరానికి ఎవడొస్తాడని మేలద్దం మొదట కొట్టువాళ్ళనే సర్దింది. తాతారావుకి అతుకు కనపడకుండా దట్టమైన మీసం పెంచింది. చెవులు మునిగేలా జుట్టు దించింది. వన్నె డెబ్బై ఒకటి! ఆ రోజు దారిలో ఆడవాళ్ళు తలతిప్పి చూస్తే, యాభయ్యేళ్ళ మనిషి సిగ్గుపడుతూ ఇంటికెళ్ళాడు. నూకరత్నం గుమ్మంలోనే చేతులు కట్టుకుని, "ఎవరండీ తవరు? మా ఆయన ఇంట్లో లేరండీ," అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఏడాది తిరిగేసరికి ఆమెకు మరుపు పట్టుకుంది. అదే మాట, అదే గుమ్మం. నవ్వు మాత్రం లేదు.

తమ్ముణ్ణి గుర్తుపడుతుంది. అబ్బులు పుట్టడమే అందగాడు, వాడి ముఖంలో అద్దం సర్దింది ఏమీ లేదు. ద్రోహం చేసినవాడు గుర్తున్నాడు, అన్నం కలిపి పెట్టేవాడు గుర్తులేడు. తాతారావు కడుపులో మంట ఆరకపోవడానికి అసలు కారణం అదే.

ఇన్నాళ్ళూ ఎవరో పుణ్యాత్ముడనుకుని చేతిముద్ద తినేది. రెండు రోజుల్నుంచి నోరు బిగించేసింది. "పరాయి మగాడి చేత్తో తినడమేంటి బాబూ? మా ఆయనొచ్చాక తింటాను," అంటుంది. వచ్చింది తానేనని చెబితే భయపడి తలుపు మూలకి నక్కుతుంది.

మధ్యాహ్నం అబ్బులొచ్చాడు. ఇప్పుడతను వరసకి పరిశీలకుడు. ఎవరి అద్దం ఎన్ని కోతలు కోయించిందో చూసిపోవడం అతని ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా, మెడలో మండలి బిళ్ళ.

"అక్క ఎలాగుంది బావా?"

"నీకేం? నువ్వెళ్తే పేరు పెట్టి పిలుస్తుంది. వెళ్ళి చూసుకో."

"మళ్ళీ మొదలెట్టావా?"

"రెండ్రోజులైంది మెతుకు ముట్టి."

అబ్బులు చేతిలో పలక పక్కన పెట్టాడు. తాతారావు కుర్చీ దులిపి, అందులో తనే కూర్చున్నాడు. మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు.

"ఇవాళ మంగళవారం," అన్నాడు.

వన్నెమండలి రాకముందు మంగళవారం వరసంతా సెలవు. మంగలి తన తల తాను చేసుకోలేడు కాబట్టి ఆ రోజు ఒకరికొకరు చేసుకునేవాళ్ళు. ఓ వారం వీడు కూర్చుంటే పై వారం వాడు. డబ్బు మాట ఉండదు, వంతు మాత్రం తప్పకూడదు. వంతు తప్పినవాడితో వరసలో ఎవరూ టీ కూడా తాగరు.

"ఆఖరి మంగళారం నీ తల నేను చేశాను. మర్నాడు ఈ దిక్కుమాలిన అద్దాలొచ్చి పడ్డాయి. నీ వంతు అలాగే ఉండిపోయింది అబ్బులూ. ఇన్నేళ్ళలో నేనేనాడైనా అడిగానా?"

"ఏం చెయ్యమంటావ్?"

"మీసం తీసెయ్. చెవుల మీద జుట్టు లేపెయ్. నా పాత తల నీకు తప్ప ఈ ఊళ్ళో ఎవడికీ తెలీదు. ఈ అద్దంలో చూసి చేసుకుందామంటే ఇది నన్ను నాకు చూపించదు."

అబ్బులు ముఖం పాలిపోయింది. "కొట్టు పోద్ది బావా. కావాలని వన్నె చెడగొట్టుకుంటే స్థలం మండలికే. నాన్న పోసిన పునాదిది, అక్కకిచ్చింది. నేను రాసుకోకపోయినా నా గుండీ చూసేత్తది."

"చూడనీ. చెయ్యి పెట్టించినవాడివి నువ్వే, చెయ్యి తియ్యించేవాడివీ నువ్వే అవ్వు."

"తిడితే తిట్టు గానీ, నాతో ఈ పని చేయించకు."

"తిట్టే ఓపిక లేదురా. సాయంత్రానికైనా తినకపోతే మీ అక్క ఇంకెన్నాళ్ళుంటది?"

అబ్బులు చొక్కా చేతులు మడిచాడు. చేతులు కడుక్కున్నాడు. అలమర అడుగు నుంచి పాత కత్తి తీసి తోలుపటకా మీద నూరాడు. కప్పు మీంచి గీతలు దిగుతుంటే వాటి మీద గొడుగు విప్పి అడ్డం పెట్టి పైనున్న కొక్కేనికి తగిలించాడు. అలవాటు తప్పిన చెయ్యి మొదట కత్తిని తప్పుగా వాల్చింది. రెండోసారి తడిపాక కుదురుకుంది. మీసం ముక్కలుగా తువ్వాలు మీద రాలింది. అతుకు బయటపడ్డప్పుడు అబ్బులు దాని మీద వేలు పెట్టి ఓ క్షణం ఆగాడు. తర్వాత ఎడమ చెవి, కుడి చెవి.

"ఇరవై తొమ్మిది," అంది అద్దం. గొంతు మారలేదు. "ఇరవై నాలుగు."

"నోర్ముయ్యే," అన్నాడు అబ్బులు. అతను ఏడుస్తున్నాడని తాతారావుకి మెడ మీద చుక్క పడ్డాకే తెలిసింది. క్షమించాలనిపించలేదు. తువ్వాలు కొసతో మెడ తుడుచుకుని లేచాడు.

వీధిలో ఇద్దరు ముగ్గురు ముఖం తిప్పుకున్నారు. పడవలో పక్కనున్నామె పిల్లని దగ్గరికి లాక్కుంది.

నూకరత్నం గుమ్మంలో కూర్చుని ఉంది. తలెత్తింది. చూస్తూనే ఉండిపోయింది. ఆమె కళ్ళలో ఎవరో మెల్లగా నడిచి ముందు గదిలోకొచ్చి దీపం పెట్టినట్టైంది.

"ఇంతాలస్యమా?" అంది. "ఎక్కడ తిరుగుతున్నావయ్యా ఇన్నాళ్ళూ? కట్టుకున్నదుందన్న ధ్యాస ఉందా?"

తాతారావు లోపలికెళ్ళాడు. కంచం తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముద్ద కలిపాడు. తింది. చెయ్యి చాచి అతని చెవి గుప్పిట్లోకి తీసుకుని, నములుతూనే చెప్పింది.

"నువ్వు లేనప్పుడు ఎవడో మీసాలాయన వచ్చేవాడు. పాపం మంచోడే. తల దువ్వేవాడు, అన్నం పెట్టేవాడు. రాత్రుళ్ళు వాకిట్లో పడుకునేవాడు. నేనే కసిరేశాను. నీకు కనపడితే కొట్టకేం? నీకంటే ఓపికున్న మనిషి."

"కొట్టను," అన్నాడు తాతారావు.

"ఇక రావద్దని చెప్పు. ఊరికే కాదు, ఒక పూట భోజనం పెట్టి చెప్పు. చాలా చేశాడు నాకు."

"చెప్తాను."

"కొట్టు మూసేశావా?"

"మూసేశాను," అన్నాడు. ఆమె చెవి వదల్లేదు.

తాతారావు విప్పడం మర్చిపోయిన చూపుగుండీ ఆ చూపుని కొలిచి అద్దాల బుర్రకి చేరవేసింది. నూటికి ఎంతో చెప్పే బుర్రకి నూరు దాటిన చూపు ఏంటో తెలీలేదు. ఇరవై నాలుగు వన్నె ముఖం మీద అంతటి చూపు ఎలా నిలిచిందో లెక్క తేలలేదు. తెల్లారేసరికి వరసలో ఏ కుర్చీ మీదా గీతలు పడలేదు. అద్దాలన్నీ ఎదురుగా కూర్చున్నవాణ్ణి ఉన్నదున్నట్టు చూపిస్తూ, ఏమీ తోచక నిలబడ్డాయి.

"అబ్బులు గారూ, ఇందులో నేనే కనపడతన్నానేంటండీ?" అంటూ చెవి పక్క మిగిలిపోయిన జుట్టు కోసం మళ్ళీ వచ్చిన పాపారావు గగ్గోలు. తన ముఖం తాను చూసుకుని ఎన్నేళ్ళయిందో, కుర్చీ దిగకుండా అలాగే తడుముకుంటూ కూర్చున్నాడు. మండలి మనుషులు మూడు రోజులు విప్పారు, బిగించారు. గీతలు తిరిగి రాలేదు.

అద్దం చెడినా అరచేతి ముద్ర చెడదు. నాలుగో రోజు వాళ్ళే వచ్చి కొట్టుకి తాళం వేశారు. తాళం చెవి తీసుకోవాల్సింది పరిశీలకుడే గనక అబ్బులే తీసుకున్నాడు, బావ ముఖం వైపు చూడకుండా. తాతారావు కుర్చీ ఒకటి భుజానికెత్తుకుని పడవెక్కాడు. వంతెన కింది వరసలో తూర్పు ముఖం కొట్టు, నూకరత్నానికి వాళ్ళ నాన్న పసుపుకుంకుమ కింద ఇచ్చిన స్థలం, పదకొండున్నర గజాలు, మండలిదైంది.