కిటికీ ఊపు

పదకొండు గంటలకల్లా నూకరత్నం పోయినవాళ్ళ చాటింగు పోగులు నాలుగు తూర్పారబట్టి ముద్ర వేసేసింది. ఐదోది ఏడో తొట్టిలోంచి తేలుతుండగానే ముక్కు ఎగబీల్చింది. పాత పోగులకు వాసన ఉండదని కూర్పరి యంత్రం అంటుంది. పన్నెండేళ్ళుగా ఈ కళ్ళంలో కూర్చుంటున్న రత్నం మాత్రం ఉంటుందనే అంటుంది. తొలి తరం మెసెంజరు పోగులైతే ఆమెకు ఇట్టే తెలిసిపోతాయి. వాటిలో కబుర్లు తక్కువ, వీడ్కోళ్ళు ఎక్కువ. 'ఉంటాను' అన్నాక కూడా అరగంట ఉంటారు.

ఎడమ పళ్ళెంలోకి గింజ, కుడి పళ్ళెంలోకి పొల్లు. గింజంటే మాట. పొల్లంటే మాట కానిదంతా: లైను తెగిన గుర్తులు, నవ్వు బొమ్మలు, వచ్చినట్టూ పోయినట్టూ గంట మోతలు. గింజలన్నీ చేరాక కూర్పరి వాటితో నీడను అల్లుతుంది. ఆ నీడ పోయినవాళ్ళు మాట్లాడినట్టే మాట్లాడుతుంది. నిజం చెప్పాలంటే కాస్త ఎక్కువే మాట్లాడుతుంది. ఇంటివాళ్ళు వేలిముద్ర వేయగానే పొల్లంతా కరిగిపోతుంది. కరెంటు కొద్దీ జ్ఞాపకం. సముద్రం కాకినాడ జగన్నాథపురాన్ని మింగి సామర్లకోట పొలిమేరకు వచ్చిన దగ్గర్నుంచి అదే చట్టం. బతికున్న మనిషికి జీవితంలో ఒక్క నీడ. పోగు మీద ఒక పేరుంటే అందులో ఒక్క మనిషి.

ఐదో పోగు తల మీద ఎర్రగీత ఉంది, ఇంటివాళ్ళు ఒప్పుకోలేదన్న గుర్తు. పేరు నాగమణి, కాకినాడ.

"ఇది పోయిన వారం నేను ముద్రేసిందే కదండి?" అంది రత్నం, వెనకాల నిలబడ్డ ఆదివిష్ణుతో. ఆయన కళ్ళానికి పెద్ద. కుర్చీలోంచి లేచి వచ్చాడంటే పని చెడిందన్నమాట.

"అదేనమ్మా. నూటికి తొంభై ఏడు పాళ్ళు కుదిరిందని కూర్పరి చెప్తంది. ఆ పెద్దాయన మాత్రం వేలిముద్ర ఏయనని కూర్చున్నాడు. నాలుగింటికి ఆఖరి విడత. అప్పుడూ కాదంటే ఆయన వంతు పోద్ది, పోగూ కరిగిపోద్ది."

"ఏం కుదర్లేదంటాడండి?"

"అడిగితే చెప్పడు. పొద్దున్న ఏడింటి నుంచీ వరండాలోనే ఉన్నాడు. నువ్వోసారి కదిపి చూడు."

మధ్యాహ్నం రత్నం క్యారేజీ పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. పెద్దాయన పేరు సూరిబాబు. ఎనభై ఆరేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా బల్ల అంచున కూర్చున్నాడు. ఆమె గిన్నె మూతలో పులిహోర పెట్టి ఇస్తే వద్దనకుండా తీసుకున్నాడు.

"నీడ మాట బాగోలేదాండి?" అని అడిగింది.

"బాగానే ఉందండి. మా చెల్లెలు నాగమణి అచ్చం అలాగే మాట్టాడేది. అదంటే నాకు ప్రాణవే. కానీ నాకు కావాల్సింది చెల్లెలు కాదండి. మా ఆవిడ."

రత్నం చేతిలో ముద్ద ఆగిపోయింది. "పోగు నాగమణి పేరు మీద ఉంది కదండి?"

"మా ఆవిడకి చదువు రాదండి. వీరవేణి ఆవిడ పేరు. నేను ఓడలో ఇంజను గదిలో పన్జేసేవాణ్ణి. రేవు తగిలినప్పుడల్లా నావికుల క్లబ్బులో కంప్యూటరు ముందు కూర్చునేవోణ్ణి. ఇక్కడ మా చెల్లెలు వదిన్ని నెట్ సెంటరుకి తీసుకెల్లేది. ఆవిడ చెప్పేది, ఇది కొట్టేది."

"అయితే ఆ మాటలు ఆవిడవే కదండి."

సూరిబాబు నవ్వాడు. "కొత్త పెళ్ళికూతురు ఆడపడుచు చెవిలో ఏం చెప్తదండి? 'బాగున్నారా అనమ్మా, బాగున్నానని చెప్పమ్మా.' అంతే. మిగతాదంతా మా చెల్లెలి కవిత్వం. 'వదిన నీ మీద బెంగ పెట్టుకుందన్నయ్యా' అని అది కొడితే, 'నేనెప్పుడన్నాను' అని పక్కనుంచి ఆవిడ దాని వీపు మీద చరిచేదంట. ఆ చరుపు నాకు రాలేదు కదండి మరి."

"మరి ఆవిడవని చెప్పుకోడానికి ఏమీ లేవా?"

పెద్దాయన మూత అంచు చాలాసేపు తుడిచాడు. ఆ వయసులోనూ చెవులు ఎర్రబడ్డాయి.

"ఉందండి. మాటలు కాదులెండి."

"చెప్పండి, పర్లేదు."

"పరాయి ఆడమనిషితో చెప్పేది కాదండి." అంటూనే ఆయనే చెప్పుకొచ్చాడు, "ఆ రోజు ఆఫ్రికాలో దర్బను రేవులో ఉన్నాను. ఓడకెల్లే బోటు పోద్దని అందరూ తొందర పెట్టేశారు. చెల్లెలు 'ఉంటాం' అని కొట్టగానే లేచిపోయాను. అలా ఎప్పుడూ లేవలేదండి. తర్వాత ఇంకో పది నిమిషాలు కూర్చునేవాణ్ణి. తర్వాత క్లబ్బున్న రేవు తగల్లేదు, రెణ్ణెల్లకి ఆవిడ జొరం వచ్చి పోయింది. కబురు నాకు చేరేతలికి పది రోజులయిపోయింది. నేను లేచాక ఆవిడ ఏవన్నా అందో, ఊరుకుందో, అదొక్కటీ తెలిస్తే చాలండి. అరవయ్యేళ్ళ నుంచి అదే అనుకుంటన్నాను."

"మీ చెల్లెల్ని అడగలేదా?"

"ఎలా అడుగుతానండి? సిగ్గు కాదూ."

ఖాళీ మూత ఆమెకు తిరిగి ఇచ్చి ఆయన గోడ గడియారం వైపు చూశాడు. నాలుగింటికి ఇంకా రెండున్నర గంటలుంది.

రత్నం తొట్టి దగ్గరికొచ్చి పోగు చివర విప్పింది. ఎడమ పళ్ళెంలో ఆఖరి గింజ: 'ఉంటాం అన్నయ్యా, జాగ్రత్త. వదిన కూడా చెప్పమంది.' ఆ తర్వాత ఏమీ లేదు. ఎర్రగీత పోగు కాబట్టి పొల్లు ఇంకా కరగలేదు. పన్నెండేళ్ళలో ఆమె కుడి పళ్ళెంలోకి తొంగి చూసింది తక్కువ. చూడకూడదని నియమం లేదు. చూడబుద్ధి కాకపోవడమే.

పొల్లు నిండా ఒకటే గుర్తు. ఊపు.

ఆ పాత ప్రోగ్రాంలో ఒక బొత్తాం ఉండేది. ఇటు నొక్కితే అటువాడి తెర మీద కిటికీ గడగడ ఊగేది. జవాబివ్వని స్నేహితుల్ని అదిలించడానికి పిల్లకాయలు వాడేవాళ్ళు. దానికి అక్షరాలు అక్కర్లేదు. అది ఎక్కడుందో చూపిస్తే చాలు.

పెళ్ళయిన నాలుగో నెలలో, నాగమణి 'ఉంటాం' అన్న డెబ్భై సెకన్లకు మొదటి ఊపు ఉంది. అటువైపు ఆయన ఎంత ఆశ్చర్యపోయాడో ఏమో, ముప్పై సెకన్లకు గానీ తిరిగి ఊపలేదు. మళ్ళీ ఇటునుంచి ఒకటి. ఆ తర్వాతి రేవులో నాలుగు. ఆ పైది తొమ్మిది. ఆమె ఒకటి, ఆయన ఒకటి. ఆమె రెండు, ఆయన రెండు. ఒక రోజు ఆమె మూడుసార్లు ఊపి ఆపేస్తే, ఆయన ఒక్కసారి ఊపి నిమిషం ఆగాడు. ఇటునుంచి ఏడు వచ్చాయి. దెబ్బలాట అయ్యుంటుంది. రాజీ కూడా అయ్యుంటుంది.

నాగమణి గడుసుపిల్ల. 'ఉంటాం' అని కొట్టాక లేచి చెప్పులు వెతుక్కునేదేమో. మొదట్లో రెండు నిమిషాల్లో చెప్పులు దొరికేవి. మూడో ఏడాదికి వచ్చేసరికి ఆ నెట్ సెంటరులో చెప్పులు దొరకడానికి పావుగంట పట్టింది. వదిన చేత తన వీపు మీద దెబ్బలు తింటూనే ఆ పిల్ల వాళ్ళిద్దరికీ అంత చోటు ఇచ్చింది. రత్నానికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

చివరి రోజు. దర్బను. ఆయన బయటికి వెళ్ళిన గుర్తు. దాని కింద ఇటునుంచి ఒక ఊపు. ఇరవై సెకన్లాగి ఇంకోటి. ఇంకోటి. రత్నం వేలితో లెక్కపెట్టింది. పదకొండు. ప్రతిదాని పక్కనా ఒకే మాట: చేరలేదు.

పోయిన వారం వీటన్నింటినీ కుడి పళ్ళెంలో పోసి, పైన ముద్ర వేసింది తనే.

ఆమె రెండు పళ్ళాల మీదా చేతులు పెట్టి తిప్పేసింది. పొల్లు ఎడమకు వచ్చింది, నాగమణి కవిత్వం కుడికి పోయింది. తెర మీద కూర్పరి అడిగింది: 'ఎడమ పళ్ళెంలో మాట లేదు. పొరపాటున తిప్పారా?'

లేదు అని నొక్కింది.

ఆదివిష్ణు పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? మాట లేకుండా నీడ ఎక్కడన్నా ఉంటదా? కూర్పరిని కాదని ఎదురుముద్ర ఏశావంటే విచారణ వస్తది. నీడ నిలబడకపోతే నీ కుర్చీ పోద్ది, తెలుసా?"

"తెలుసండి."

"ఆయనకున్నది ఒక్క వంతు. దాన్ని గాలికి పోస్తావా?"

ఆ మాట మాత్రం గుచ్చుకుంది. నీడ నీడే. అల్లితే అల్లొచ్చు, అది వీరవేణి అయిపోదు. కానీ నీడ ఏదైనా ఆగిన చోటునుంచే మొదలవుతుంది. చేరనివి ముందు చేరతాయి. ఆ పదకొండూ కూర్పరి అల్లేవి కావు. వీరవేణివే.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. రత్నం తన తల్లి పోగును తానే తూర్పారబట్టుకుంది. ఏదో టైపు చేస్తున్నట్టు చుక్కలు కదిలి, ఏమీ పంపకుండా ఆగిపోయిన సందర్భాలు అందులో మూడువేల చిల్లర ఉన్నాయి. అన్నీ పొల్లులో పోసింది. ఇంట్లో అమ్మ నీడ రోజూ ఆప్యాయంగానే పలకరిస్తుంది, ఎక్కడా తడుముకోదు. ఏదో తక్కువైందని మొదటి నెలలోనే తెలిసింది. ఏమిటో ఇప్పుడు తెలిసింది. అది కరిగిపోయి ఎనిమిదేళ్ళు.

"మీరు చెప్పినట్టే రాసుకోండి, నేనే చేశానని," అని రత్నం ఎదురుముద్ర వేసింది.

కూర్పరి ఊరుకోలేదు. ప్రతి గింజకూ అర్థం ఉండాలి. 'ఊపు: అర్థం నింపండి' అని గడి తెరిచింది. రత్నం కాసేపు ఆలోచించి కొట్టింది: 'అది వాళ్ళిద్దరికీ తెలుసు.'

గడి మూసుకోలేదు. మళ్ళీ అడగనూ లేదు. ఏడో తొట్టి చల్లబడింది, తర్వాత ఆరోది, తర్వాత కళ్ళంలో ముప్పై తొట్లూ. పనివాళ్ళందరూ తలలెత్తారు. అందరి తెరల మీదా ఒకే వాక్యం వచ్చింది: 'పొల్లులో గింజ ఉండవచ్చు. ఈనాటి కరిగింపు నిలిపివేయడమైనది.'

ఆదివిష్ణు తల పట్టుకుని ఫోను వైపు పరిగెత్తాడు.

నాలుగింటికి సూరిబాబుని చూపుగదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా పాతకాలపు తెర, అందులో చిన్న బూడిదరంగు కిటికీ, దాని అడుగున బొత్తాం. ఆయన బొత్తాన్ని చూశాడు, గుమ్మంలో నిలబడ్డ రత్నాన్ని చూశాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

నిమిషం గడిచింది. కిటికీ అలాగే ఉంది.

కిటికీ ఊగింది.

పెద్దాయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. ఇరవై సెకన్లకు మళ్ళీ ఊగింది. మళ్ళీ. ఆయన పెదాలు లెక్కపెడుతున్నాయి. ఎనిమిది దగ్గర కళ్ళజోడు తీసేశాడు. పదకొండు తర్వాత తెర కదలడం మానేసింది. ఆయన చూపుడువేలు బొత్తాం మీదికి వెళ్ళి, ఆగి, ఒక్కసారి నొక్కింది.

తొమ్మిది సెకన్లు. కిటికీ ఊగింది.

ఆయన రెండుసార్లు నొక్కాడు. రెండుసార్లు ఊగింది.

వెనకనుంచి ఆదివిష్ణు వేలిముద్ర పలక పట్టుకుని గదిలోకి వచ్చాడు. పైనుంచి ఫోను మీద ఫోను వస్తోందని అతని మొహమే చెబుతోంది. "టైమైపోయిందండి. నీడ ఏవన్నా మాట్టాడిందా లేదా చెప్తే రాసుకుంటాను."

సూరిబాబు వెనక్కి తిరగలేదు. ఎడమచెయ్యి మాత్రం ఎత్తి, ఆగమన్నట్టు గాలిలో పెట్టాడు.

"ఒక్క నిమిషం బయట ఉండండి బాబూ," అన్నాడు. "మాట్టాడుకుంటన్నాం."