రెండద్దాల నడుమ

పర్ణశాల పోయే దారిలో, ఊరు అయిపోయి అడివి మొదలయ్యే చోట ఉంది ఇన్నమ్మ ఇల్లు. ఇసుక లారీల మోతకు పసిబిడ్డ ఉలిక్కిపడుతోందని కొడుకు షాలేమ్‌రాజు పడకగదికి, ఒకదాని వెనక ఒకటిగా రెండద్దాలున్న కిటికీ పెట్టించాడు. మోత ఆగింది. చలిగాలి ఆగలేదు. ఎక్కణ్నుంచో సన్నగా దూరి, సరిగ్గా ఉయ్యాల మీద వాలేది. మనవరాలు ఆరాధనకు అప్పటికే నిమ్ము చేసి భద్రాచలం దవాఖానాలో పడి లేచింది. మళ్లీ వస్తే తట్టుకోలేదన్నాడు డాక్టరు.

"బిగించినాయన ఏమన్నడు బిడ్డా?"

"ఏమంటడు? ఫోనే ఎత్తుతలేడు. నేనే బాగుచేస్త తియ్యమ్మా," అన్నాడు షాలేమ్‌రాజు, సందుల్లో నింపే సిలికాన్ గొట్టం చూపిస్తూ.

"నువ్వు నల్లా బాగుచేసిన్నాడు వంటిల్లు చెరువైంది, గుర్తున్నదా?" అంది కోడలు బ్లెస్సీ, ఉయ్యాల ఊపుతూ.

ముగ్గురూ నవ్వారు. పొద్దు గూకుతోంది.

అతను కొవ్వొత్తి వెలిగించి చట్రం అంచు వెంట మెల్లగా జరిపాడు. కింది మూల దగ్గర మంట గదిలోకి వంగింది.

"దొరికింది!"

అంతలోనే మంట నిటారుగా నిలబడి, అద్దం వైపు వాలింది. మళ్లీ గదిలోకి. మళ్లీ అద్దం వైపు. నింపాదిగా... ఒకే వరసలో...

"గాలి గిట్ల వస్తదా?" బ్లెస్సీ గొంతు తగ్గింది.

"అడివి గాలి. గట్లనే కొడ్తది."

ఇన్నమ్మ బయటికి చూసింది. టేకాకు ఒక్కటీ కదలడం లేదు.

ఆమె ప్రార్థన నూనె సీసా తెచ్చింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అత్త నేర్పిన పద్ధతి ఒకటుంది. కిటికీకి గానీ తలుపుకు గానీ నూనె రాసేముందు అన్నీ బార్లా తెరవాలి. పోవలసింది పోయాక మూసి, అప్పుడు రాయాలి. గడియ మీద చెయ్యి వేసింది. ఉయ్యాలలో పిల్ల దగ్గింది.

"గీ చలిల తెరుస్తవా అత్తమ్మా?"

ఇన్నమ్మ చెయ్యి వెనక్కి వచ్చింది. మూసిన కిటికీకే నూనె రాసింది. "ప్రభువా, బయటిది బయటనే ఉండాలె, లోపలిది లోపలనే ఉండాలె," అని కళ్లు మూసుకుంది.

షాలేమ్‌రాజు సందంతా సిలికాన్ పూశాడు. గదంతా దాని పులిసిన వాసన. కొవ్వొత్తి మంట ఇక చలించలేదు. పిల్ల దగ్గు కూడా ఆగింది. "స్తోత్రం," అనుకుంది ఇన్నమ్మ.

అప్పుడు అద్దం మీద మసక కనిపించింది. అరచేయంత. కొంగుతో తుడిచింది. పోలేదు. షాలేమ్‌రాజు బయటికెళ్లి అవతలి నుంచి తుడిచాడు. పోలేదు. తిరిగొచ్చిన అతని ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా... రెండద్దాల నడుమ ఉన్నదే..."

మసక పెరిగింది. తగ్గింది. పెరిగింది...

ఎవరో అద్దానికి నోరు ఆనించి ఊపిరి వదులుతున్నట్టు.

ఇన్నమ్మకు ఎందుకో ఉయ్యాల వైపు చూడాలనిపించింది. పిల్ల ఛాతీ లేస్తోంది, దిగుతోంది. దిగినప్పుడల్లా అద్దం మీద మసక పెరుగుతోంది. వేలు పిల్ల ముక్కు కింద పెట్టింది.

వేలికి ఏమీ తగల్లేదు.

"కోసెయ్..." కొడుకు భుజం పట్టి ఊపింది. "కోసెయ్ బిడ్డా... జల్దీ..."

షాలేమ్‌రాజు కత్తితో సిలికాన్ చీల్చాడు. వేళ్లు తెగినా ఆగలేదు. కిటికీ రెక్క ఊడొచ్చినట్టు తెరుచుకుంది. చలి గదిలోకి విరుచుకుపడింది. అద్దం మీద మసక చెదిరిపోయింది.

వేలికి వెచ్చగా ఊపిరి తగిలింది.

బ్లెస్సీ పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుని భోరుమంది. ఇన్నమ్మ కన్నీళ్లతో మనవరాలి ముఖం మీదికి వంగింది.

ఆరాధన ఆవులించింది.

తల్లిపాలు తప్ప ఏమీ ఎరగని ఆ చిన్న నోట్లోంచి చుట్ట వాసన వచ్చింది. ఘాటుగా. ఇప్పుడే కాల్చి పారేసినట్టు.

ఇన్నమ్మకు ఆ ఇంటి నాలుగు తరాల మనుషులు గుర్తే. ఎవరు ఏ పాట పాడేవారో, ఎవరికి ఏ కూర ఇష్టమో. ఒక్కొక్కరినే తలుచుకుంటూ వెళ్లింది. ఆ ఇంట్లో చుట్ట ముట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఏందత్తమ్మా? గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు బిడ్డా."

"ఆకలైనట్టున్నది," అంది బ్లెస్సీ, కళ్లు తుడుచుకుని, పిల్లను రొమ్ముకు దగ్గరగా తీసుకుంటూ.