డీకన్ గారికి మాట రాని రోజు

పొద్దున్నే డీకన్ గారు టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులు వేసుకుంటున్నారు. ఆదివారమైనా మామూలు రోజైనా చర్చి తలుపులు తెరిచి, బెంచీలు తుడిచి, లోపలికి గాలీ వెలుతురూ రానివ్వడం ఆయన పని. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేతికొచ్చిన పని. ఇప్పుడు జుట్టే లేదు, పని మాత్రం అలాగే ఉంది. ఈలోపు ఎందరో పాస్టర్లు వచ్చారు, బదిలీ అయి వెళ్ళారు. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరి ప్రాణం పోయినా, మొదటి కబురు డీకన్ గారికే.

"నాన్నా, టీ ఎలా ఉంది?" వంటింట్లోంచి అడిగింది కూతురు.

"బాగుందమ్మా."

"పంచదార వెయ్యలేదు."

ఆయన రెండో చెప్పు తొడుక్కున్నారు. "అలాగా. పర్లేదులే."

"నిన్న కూడా వెయ్యలేదు. రేపు ఉప్పు వేసిచ్చినా బాగుందమ్మా అనే అంటావు."

భార్య వానాకాలంలో పోయింది. ఇప్పుడు ఎండలు ముదిరాయి. ఈ మధ్య కాలమంతా డీకన్ గారు ఏ పనీ మానలేదు, ఎవరి మీదా విసుక్కోలేదు, ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఎంత గుండె నిబ్బరమో అని సంఘంలో అందరూ మెచ్చుకున్నారు.

కూతురు చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. ఆమె ఊళ్ళోని ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. "నీతో ఒకటి చెప్పాలి. సిటీలో పెద్దాసుపత్రికి అప్లై చేశానన్నానుగా, ఉద్యోగం వచ్చింది. ఒప్పేసుకున్నాను. వచ్చే వారమే వెళ్ళాలి."

"మంచిదమ్మా. దేవుడు నీకు తోడుంటాడు. ధైర్యంగా వెళ్ళిరా."

"అంతేనా?"

"ఇంకేముందమ్మా? మంచి అవకాశం."

"ఇదే మాట, ఇదే గొంతుతో, మొన్న టైలరు గారబ్బాయి ఊరు వదిలి వెళ్తుంటే అతనితోనూ అన్నావు." ఆమె ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడింది. "నేను నీ సంఘంలో మనిషిని కాదు నాన్నా, నీ కూతుర్ని. అమ్మ సమాధి దగ్గర నువ్వేం చేశావో గుర్తుందా? కుర్చీలు సర్దావు. ముసలావిడకి ఎండ తగులుతోందని గొడుగు పట్టావు. పోయింది నీ పెళ్ళామో, పక్కింటావిడో చూసినవాళ్ళకి తెలిస్తే ఒట్టు! అమ్మ ఊరికే అనేది కాదు, ఆయనకి చర్చి పెద్ద పెళ్ళాం, నేను చిన్న పెళ్ళాం అని."

ఆ మాట తగలాలి. తగలాలనే ఆయనా ఎదురుచూశారు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లి చూసుకున్నట్టు, ఆ మాటని లోపల మళ్ళీ అనుకుని చూశారు. ఏమీ తెలియలేదు. కూతురు కళ్ళు ఎర్రబడ్డాయని మాత్రం గమనించారు.

అప్పుడే గేటు చప్పుడైంది. కుర్రతనం ఇంకా పోని కొత్త పాస్టరు గారు హడావుడిగా లోపలికొచ్చారు. "డీకన్ గారూ, సైకిల్ షాపు మేస్త్రీ గారి భార్య తెల్లవారుజామున పోయిందట. మీరు ముందు వెళ్ళండి, నేను వెనకాలే వస్తాను."

"వెళ్ళు నాన్నా. నీకు పనిపడింది," అంది కూతురు. అని, మళ్ళీ తనే చున్నీ సర్దుకుంది. "ఆవిడ పరీక్షలన్నీ నేనే చేశాను. నేనూ వస్తాను."

దారంతా ఆమె ఆయనకి నాలుగడుగులు వెనకే నడిచింది.

మేస్త్రీ కాపురం షాపు వెనక గదిలోనే. గోడకి టైర్లు వేలాడుతున్నాయి, గదంతా గ్రీజు వాసన. మంచం మీద భార్యని పడుకోబెట్టి, పక్కన చెక్కబల్ల మీద కూర్చున్నాడు మేస్త్రీ. ఆవిడ ప్రతి ఆదివారం చర్చికి వచ్చేది. ఇతను ఆమెని గేటు దాకా దిగబెట్టి, "మీ పాస్టరు ప్రసంగానికి బ్రేకులుండవు, నేను షాపు తీసుకోవాలి" అని వెళ్ళిపోయేవాడు.

డీకన్ గారి చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. తెల్ల దుప్పటి అడిగారు. కుర్చీల కోసం పక్కింటికి మనిషిని పంపారు. సమాధి తవ్వేవాళ్ళకి కబురు చేశారు. అన్నీ అయ్యాక, ఎప్పటిలాగే మేస్త్రీ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

మేస్త్రీ తలెత్తాడు. "డీకన్ గారూ, నాకు ప్రార్థనలవీ తెలీవు. ఒక్కటి చెప్పండి. మీరెలా తట్టుకున్నారు? మా ఆవిడ ఎప్పుడూ అనేది, ఉంటే అలా ఉండాలి మనిషి అని. ఏం చేశారో చెప్పండి, నేనూ అదే చేస్తాను."

గదిలో అందరూ ఆయనవైపు చూశారు. డీకన్ గారు నోరు తెరిచారు. ఏళ్ళ తరబడి ఇలాంటి గదుల్లో తడుముకోకుండా వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. మేస్త్రీ భుజం మీది చెయ్యి తీసేశారు.

"తట్టుకోలేదండీ," అన్నారు చివరికి.

"అదేమిటి?"

"నిబ్బరమూ కాదు, ఏమీ కాదు. అన్నం తింటున్నాను, రుచి తెలీదు. ప్రార్థన చేస్తున్నాను, ఎవరితో మాట్లాడుతున్నానో తెలీదు. చర్చి నుంచి వస్తూ, ఇవాళ ఆవిడకి ఏమేం చెప్పాలో దారంతా కూడబెట్టుకుంటాను. గుమ్మం ఎక్కాక గుర్తొస్తుంది, లేదని. రోజూ అంతే. మీకేం చెప్పను మేస్త్రీ? నాకే తెలీదు."

మేస్త్రీ బల్ల మీద కొంచెం జరిగాడు. "అయితే మీరూ ఇలా కూర్చోండి."

డీకన్ గారు కూర్చున్నారు. కుర్చీలొచ్చాయి. వాటిని కూతురు దింపించింది. పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారు. సమాధి దగ్గర కూడా డీకన్ గారు ఎవరికీ గొడుగు పట్టలేదు. మేస్త్రీ పక్కనే, అతని మోచెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ఎవరు ఎవరికి ఆసరాయో చూసేవాళ్ళకి తెలియలేదు.

ఎండ తగ్గాక తండ్రీకూతుళ్ళు ఇంటికొచ్చారు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళబుద్ధి కాక, మెట్ల మీదే కూర్చున్నారు.

"ఆ మాటలు నాతో ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నీకు ధైర్యం చెప్పాల్సినవాణ్ణి కదమ్మా."

"ధైర్యం ఎవరడిగారు? నాతో కలిసి ఏడ్చే మనిషి కావాలి నాకు." ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. "నీకు అమ్మంటే ఇంతేనేమో అనుకున్నాను. అమ్మని పోగొట్టుకుంది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అన్నట్టు ఉండేది. అందుకే పారిపోదామని ఆ ఉద్యోగం వెతుక్కున్నాను."

ఆయన వీధివైపు చూశారు. ఎదురింటివాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకుంటున్నారు.

"అమ్మా, నాకొకటి అనాలనుంది. అనొచ్చో లేదో తెలీదు."

"ఏమిటి?"

"వెళ్ళొద్దు అని."

ఆమె తండ్రివైపు తిరిగింది. ఆయన ఇంతవరకూ ఎవర్నీ తనకోసం ఏదీ అడగగా ఆమె చూడలేదు. "అను నాన్నా. అన్నా వెళ్తాను, మాటిచ్చేశాను. ప్రతి వారం వస్తాను. అయినా సరే, నువ్వు అనాలి."

"వెళ్ళొద్దమ్మా," అన్నారు డీకన్ గారు. "నన్నొక్కణ్ణీ వదిలేసి... మీ అమ్మలాగా... వెళ్ళొద్దు."

ఏడవడం ఆయనకి చేతకాలేదు. ముందు దగ్గు వచ్చినట్టయింది, తర్వాత భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక మోకాళ్ళ మీదికి వంగిపోయారు. ఆమె ఆయన్ని చుట్టేసుకుని, వీపు మీద తల ఆనించి, గొంతెత్తి ఏడ్చింది.

గేటు దగ్గర ఎవరో ఆగి, లోపలికి సరిగ్గా చూడకుండానే పిలిచారు. "డీకన్ గారూ! సాయంత్రం ప్రార్థనకి తలుపులు ఇంకా తియ్యలేదేమిటండీ?"

ఆయన అలవాటుగా లేవబోయారు. కూతురు చెయ్యి వదల్లేదు.

"ఇవాళ మా నాన్నకి కుదరదండీ," అంది.