బ్రేకు పీకిన రంపం

దెయ్యాలున్నాయా, లేవా అన్న చర్చకు ఉర్హో నీమి దిగడు. కట్టెల కొట్టంలో వెయినో హకల శవాన్ని ఏ స్థితిలో చూశాడో కూడా చెప్పడు. ఎంత గుచ్చి అడిగినా కాఫీ కప్పు ముందుకు జరుపుతాడు. తుపాను రాత్రి సంగతి మాత్రం ఒకే ఒక్కసారి, సౌనా గదిలో, ఆవిరి మధ్య కూర్చున్న ఇద్దరు స్నేహితులకు చెప్పాడు. ఆ ఇద్దరి నోట విన్నదే ఇది.

హకల మలుపుకు చెడ్డపేరు వచ్చి అప్పటికి ఆరేళ్ళు. రోడ్డు పక్కన ఖాళీ ఇల్లు, దాని వెనుక కట్టెల కొట్టం. వెయినో పోయింది అక్కడే. మోటారు రంపం ఎదురుతన్ని, తిరుగుతున్న చైను మెడలోకి దిగింది. గోడ మీద నెత్తురు తల ఎత్తు దాకా చిమ్మింది. అంత్యక్రియలైన నెలకు భార్య ఐలీ చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి రాత్రిళ్ళు ఆ కొట్టంలో రంపం తిరుగుతుందని చెప్పుకునేవారు. మంచు తోసే బండివాడు కూడా అక్కడ ఆగడు.

ఉర్హోకు మరొకటి తెలుసు. ఆ చుట్టుపక్కల రంపాలు బాగుచేసేది ఆయనే. చనిపోవడానికి వారం ముందు వెయినో వచ్చి, "ఈ బ్రేకు ఊరికే పడిపోతోందోయ్, చికాకు. పీకి పారెయ్" అన్నాడు. రంపం ఎదురుతన్నితే చైనును ఆపేది ఆ బ్రేకేనని ఉర్హో రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి అడిగితే... పీకేశాడు.

అక్టోబరు తుపాను రాత్రి ఉర్హో బండి సరిగ్గా ఆ మలుపు దగ్గరే ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా పెద్ద మేపుల్ చెట్టు పడి ఉంది.

వెనుక సీట్లో అల్లుడు డారెల్. ఇంటి కప్పు మీద విరిగిపడిన కొమ్మను కోయబోయి రంపాన్ని తొడలోకి దింపుకున్నాడు. కూతురు సైమా అతని తొడకు బెల్టు బిగించి, రెండు చేతులతోనూ అదిమి పట్టుకుంది. అయినా వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ఉబుకుతూనే ఉంది. ఫోన్లు పనిచేయడం లేదు. ఆసుపత్రి పన్నెండు మైళ్ళు. వేరే దారి లేదు.

"మామగారూ..." డారెల్ గొణిగాడు. "పదహారంగుళాల రంపం చాలన్నారు మీరు..."

"ఇప్పుడు గుర్తొచ్చిందా? చైను తిరిగే బార్ ఇరవై నాలుగు అంగుళాలు! పెరట్లో కొమ్మలు కొట్టుకునేవాడివి, అడవి కాంట్రాక్టు పట్టావనుకున్నావా?"

"షాపువాడు... గట్టిదన్నాడు."

"చైనుకు సాన పట్టి ఎన్నాళ్ళయింది?"

"సానా? కొత్తదే గదా..."

"కొత్తదట! మొద్దుబారిన పన్ను చెట్టును కొరకదురా, మనిషిని కొరుకుతుంది."

"నాన్నా, తిట్లు తర్వాత," అంది సైమా. "ఈయన చెయ్యి చల్లబడుతోంది."

ఉర్హో తన రంపంతో దిగాడు. రెండు కొసలూ గట్ల మీద ఆనిన మానుకు పైన కాస్త గంటు పెట్టి, మిగతాది కిందినుంచి కోయాలి. పైనుంచే కోసుకుపోతే మాను కుంగి బార్‌ను పట్టేస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ ఆయన నేర్పిన పాఠమే అది. ఆ రాత్రి, కూతురి ఏడుపు వింటూ, పైనుంచే కోసుకుపోయాడు.

మాను కరిచి పట్టింది. ఇంజను ఆగిపోయింది. లాగాడు, తన్నాడు, వేలాడాడు... అంగుళం కదలలేదు.

తన రంపం ఆగిపోయింది. అయినా చప్పుడు వినిపిస్తూనే ఉంది—

కొట్టంలోంచి.

"నాన్నా... ఎవరది?"

"నువ్వు దిగకు."

కొట్టంలో మనిషి జాడ లేదు. టార్చి వెలుగులో, కట్టెలు చీల్చే మొద్దు మీద ఒక రంపం తనంతట తానే తిరుగుతోంది. చైను మెల్లగా, తీరిగ్గా పాకుతోంది. ముందు పిడి బోడిగా ఉంది. బ్రేకు ఉండవలసిన చోట రెండు ఖాళీ బెజ్జాలు. ఆ మరలు విప్పిన చేతులు ఎవరివో ఉర్హోకు తెలుసు.

పట్టుకున్నాడు. పిడి వెచ్చగా ఉంది... అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు.

తన రంపం ఇరుక్కున్న కోతకు ఎదురుగా, కిందినుంచి పైకి కోశాడు. మాను తెగింది. తుంటను విడదీసే రెండో కోత సగమయ్యేసరికి బార్ కొస చీకట్లో ఏదో కొమ్మకు తగిలింది. రంపం ఎగిరింది. చైను అరుస్తూ గొంతు మీదికి వచ్చింది. చొక్కా పై బొత్తాం తెగి ఎగిరిపోయింది. మెడ చర్మం చిట్లింది—

టక్.

చైను ఆగిపోయింది.

బ్రేకు లేదు. అయినా ఆగిపోయింది. ఆయన ఎడమ మణికట్టును ఎవరో పట్టుకుని ఉన్నారు. మంచుగడ్డల్లాంటి అయిదు వేళ్ళు. ఒక్కసారి బలంగా నొక్కి, వదిలేశాయి. చెవి పక్కన ఒక ఊపిరి... ఒక మాట.

ఆ మాట ఏమిటో ఉర్హో సౌనాలో కూడా చెప్పలేదు.

కోత ముగించి తుంటను కాలువలోకి దొర్లించాడు. ఆ రంపాన్ని అక్కడే వదిలి, తొంభై మైళ్ళ వేగంతో బండి నడిపాడు. ఆసుపత్రి చేరేసరికి డారెల్‌కు మాట పడిపోయింది. ఇంకో పావుగంటయితే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు. ఈనాటికీ కుంటుతూనే నడుస్తాడు. కానీ నడుస్తున్నాడు.

సైమా ఊరుకోలేక ఐలీకి ఉత్తరం రాసింది. మీ కొట్టంలోని రంపమే మా ఆయనను బతికించింది, ఆ మేలు మరిచిపోలేము అని.

పది రోజులకు జవాబు వచ్చింది, సైమాకు కాదు, ఉర్హోకు.

"ఉర్హో గారూ, మీ అమ్మాయి పొరబడింది. ఆ కొట్టంలో ఏ రంపమూ లేదు. పోలీసులు తిరిగి ఇచ్చిన రోజే దాన్ని పెట్టెలో ఆయన పక్కన పెట్టించాను. ఆ పెట్టెను మీ కళ్ళముందే పూడ్చారు. బ్రేకు ఎవరు పీకారో, పీకించుకొచ్చిన రోజే ఆయన నాకు చెప్పారు. ఆ విషయం ఇప్పుడు అడగను. ఆరేళ్ళయింది నేను ఆయన గొంతు విని. ఆ రంపాన్ని మీ చేతికి ఇచ్చినప్పుడు ఆయన ఏమైనా అన్నారా?"

ఉర్హో ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు.