ముప్ఫై తొమ్మిది డిగ్రీల జ్వరం

నిఖిత పంపిన ఫోటోను మధుకర్ ఆలస్యంగా చూశాడు. తను అమ్మిన డిజిటల్ థర్మామీటర్ మీద 39.7. కింద మెసేజ్: "నూటరెండు దాటితేనే దవాఖాన అన్నవ్ గదా. నలభై గూడ లేదు. అవ్వ చలికి వణుకుతున్నది, రెండు దుప్పట్లు కప్పిన."

అది వచ్చి గంటయింది. బోధన్‌లో అతను పనిచేసే మెడికల్ షాపులో పొద్దున్నుంచీ ఒకటే గిరాకీ. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ముసురుకు వాళ్ల ఊళ్లో కరెంటు పోయి ఉంటుంది.

ఓనర్‌కు చెప్పి బండి తీశాడు. చెరకు తోటల మధ్య జారే రోడ్డు. మనవాళ్లకు ఎండంటే సెల్సియస్, జ్వరమంటే ఫారన్‌హీట్. టీవీలో నలభై అంటే గొడుగు వెతుక్కుంటారు, ఒంట్లో నలభై అంటే ఏమీ లేదనుకుంటారు. 39.7 అంటే నూటమూడు దాటినట్టు! వాళ్లవ్వ భీమవ్వకు ఏమన్నా అయితే నిఖిత తన మొహం చూస్తుందా? అవ్వ బీపీ గోలీల కోసం రెండేళ్లుగా వస్తున్న పిల్ల. ఆమెతో మందుల మాట తప్ప ఇంకో ముక్క చెప్పలేకపోయాడు పిరికోడు.

వెళ్లగానే దుప్పట్లు లాగేశాడు. సంగతి విని నిఖిత బిత్తరపోయింది. ఇద్దరూ కలిసి అవ్వను ఆటోలో బోధన్ దవాఖానకు తెచ్చారు. సెలైన్ ఎక్కించాక, సాయంత్రానికి జ్వరం దిగింది.

అప్పుడు అడిగింది నిఖిత. "నువ్వు షాపుల చూపెట్టినప్పుడు మంచిగనే ఉండె గదా మిషన్. గిట్లెట్ల మారింది?"

కంపెనీ మీదికి నెట్టేయొచ్చు. నోరు రాలేదు.

"బటన్ ఎక్కువసేపు నొక్కితే సెల్సియస్‌కు మారుతది. నాకెరుకే. కని నొక్కేటప్పుడు నేను మిషన్ చూడలే. నిన్ను చూస్తున్న."

నిఖిత అవ్వ మంచం వైపు తిరిగింది. అయిపోయింది, ఇక షాపు గడప తొక్కదు అనుకున్నాడు మధుకర్.

"మా అవ్వ పానం మీదికి తెచ్చినవ్," అంది నిఖిత. కళ్లు తుడుచుకుంది. "ఇంకోసారి నన్ను చూడాల్ననిపిస్తే, చేతిలున్నది పక్కకు పెట్టి చూడు."

మంచం మీద భీమవ్వ కళ్లు తెరవకుండానే మూలిగింది.

"షాపుల ఎందుకే, ఇంటికొచ్చి సూడుమను. వాళ్లవ్వను గూడ తోల్కరమ్మను."